మొగం కనపడాల

మొగం కనపడాల. చేతికి గుచ్చిన సూది కనపడాల. పైన వేలాడే సీసా కనపడాల. మూడూ ఒకే ఫోటోలో ఉండాల, ఎనిమిదిన్నర లోపల గ్రూపులో పడాల, లేదంటే ఆ రోజు గైరుహాజరు. రోగమని సెలవడిగినవాళ్లకు చెప్పే ఈ మాటలు ఆంజినప్పవే. జీన్సు ప్యాంట్లు ఉతికి రంగు దించే వాషింగ్ యూనిట్‌లో మేస్త్రీ అతను. మూడేళ్లుగా నలభై మంది చేత ఈ మాటలు వల్లె వేయించాడు. ఇప్పుడు టైము ఏడూ నలభై. బళ్ళారి ఆస్పత్రిలో, ఆడవాళ్ల వార్డులో, కిటికీ పక్క మంచం దగ్గర ఇనుప స్టూలు మీద కూర్చున్నాడు. మంచం మీద కూతురు బిందుశ్రీ కళ్ళు మూసుకుని ఉంది. మొగం కనపడుతోంది. సూది కనపడుతోంది. సీసా కనపడుతోంది. వెలుతురు కూడా కిటికీలోంచి వచ్చి సరిగ్గా ఆమె చెంప మీదే పడుతోంది, స్టూడియోవాడు దీపం జరిపి పెట్టినట్టు. కావలసినవన్నీ ఉన్నాయి. ఫోను కూడా చేతిలోనే ఉంది. చెయ్యి మాత్రం లేవడం లేదు.

డెంగీ అన్నారు. జ్వరం వచ్చి ఐదు రోజులైందన్న సంగతి డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఐదు రోజులు. రెండు గదుల ఇల్లు. మధ్యలో తలుపైనా లేదు, పాత చీర కట్టిన తెర. ఆ తెరకు ఇవతల తను, అవతల ఆమె. ఒళ్ళు కాలుతుండగానే ఆమె పొద్దున లేచింది, వండింది, రైలెక్కి హగరి వ్యవసాయ కేంద్రానికి పనికి పోయింది. తడిగుడ్డలో పెట్టిన గింజల్లో ఎన్ని మొలకెత్తాయో, ఎన్ని కుళ్ళిపోయాయో చూసి రాయడం అక్కడ ఆమె పని. సాయంత్రం వచ్చి మళ్ళీ వండింది. 'అన్నం ఉండాది' అంది. అంతే అంటుంది. మూడేళ్లుగా ఆమె అతనితో అనేవి నాలుగే మాటలు. అన్నం ఉండాది. నీళ్ళొచ్చినాయి. గ్యాసు అయిపోయింది. తలుపేసుకో. నాలుగింటిలో ఏ ఒక్కదానికీ నాయనా అన్న పిలుపు తగిలించదు. అతనూ అడగలేదు. అడిగి పిలిపించుకునే పిలుపు అతనికి అక్కర్లేదు. ఈ పొద్దు వాకిట్లో కొళాయి కాడ బిందె పడ్డ చప్పుడైంది. నీళ్ళొచ్చినాయి అనుకుని పక్క మీదే ఉండిపోయాడు. నీళ్ళు పడే చప్పుడు ఎంతకూ రాకపోతే లేచాడు. ఎంతసేపటికి లేచాడు? ఆ లెక్క అతనికి తెలుసు. ఎవరికీ చెప్పడు. బిందె ఒక పక్క, ఆమె ఒక పక్క. ఎత్తుకుంటే బరువే లేదు. ఆటోలో తల తన భుజం మీద వాలింది. స్పృహ ఉంటే వాల్చేది కాదు.

ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. సాయంత్రం మళ్ళీ రక్తం తీసి చూసేదాకా ఏమీ చెప్పలేమన్నారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, బిందుశ్రీ కంటే రెండేళ్లు పెద్దదేమో. "మీరు ఆమె మొగం చూస్తా కూర్చోవాల. ముక్కులోంచి గానీ చిగుళ్ళలోంచి గానీ రక్తం కనపడిందంటే పరిగెత్తుకోని రావాల. బయటికి పోవాల్సొస్తే ఎవర్నన్నా కూర్చోబెట్టి పోండి, ఒంటిగా వదలొద్దు" అంది. ఎవర్నన్నా. తల ఊపాడు. కూర్చోబెట్టడానికి ఎవరూ లేరు. బంధువులు ఉన్నారు, ఉండి వాళ్ల పాటికి వాళ్లున్నారు. పెళ్ళాం నాగరత్నమ్మ కర్మకు వచ్చి ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, ఎవరు రానే లేదో అతనికి గుర్తుంది. రానివాళ్ల గడప ఆ తర్వాత తొక్కలేదు. వచ్చినవాళ్ల గడప కూడా తొక్కలేదు.

ఏడూ యాభై. గ్రూపు తెరిచాడు. 'యూనిట్ హాజరు' అని పేరు పెట్టింది తనే. నిన్నటి ఫోటో ఒకటి పైన కనిపిస్తోంది, డ్రయ్యరు దగ్గర పనిచేసేవాడి తల్లి, నోరు తెరిచి, చేతికి గుడ్డకట్టుతో. దాని కింద తన బొటనవేలు గుర్తు. ఒప్పుకున్నట్టు. మాటలు రాసి పంపుదామని అక్షరాల మీద వేలు పెట్టాడు. ఏం రాయాలి? అతను చదివిన బడి సిరుగుప్ప పక్కన, కాలవ కింది ఊళ్ళో. ఏడో తరగతి దాకా. అయ్యవారు ఒక్క సెలవు చీటీయే నేర్పించాడు. 'నాకు జ్వరము వచ్చినందున ఈ దినము బడికి రాలేను. దయచేసి సెలవు ఇప్పించ ప్రార్థన.' తరగతి మొత్తం పాట పాడినట్టు చదివేది. నాయనను వరిమడిలో పాము కరిచిన రోజు చీటీ రాయాల్సి వచ్చింది. పాము కరిస్తే ఎలా రాయాలో నేర్పించలేదు. నాకు జ్వరము వచ్చినందున అని రాసి పక్కింటివాళ్లతో పంపాడు. అయ్యవారు నమ్మాడు. పదిహేను రోజులకు బడికి పోతే అబద్ధం రాసినందుకు చెయ్యి చాపమని రెండు దెబ్బలు వేశాడు. గుండు గీయించుకున్న తల అలానే ఉంది, ఇంకా వెంట్రుక మొలవలేదు, ఆ తల చూస్తూనే వేశాడు. ఆ అయ్యవారు చచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆంజినప్ప ఇంకా వదల్లేదు. అతని దగ్గర ఎవరి తప్పూ పాతబడదు. నీలిరంగు గోళ్ళలోకి ఎక్కినట్టు ఎక్కి కూర్చుంటుంది. గోళ్ళు చూసుకున్నాడు. పదీ నీలమే. సబ్బుకు పోవు, చింతపండుకు పోవు. నిద్రపోతున్న పిల్ల చేతి పక్కన ఆ గోళ్ళు ఎవరివో చచ్చినవాడి గోళ్ళలా ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తలుపు పక్క మంచం ఖాళీగా ఉంది. పరుపు మధ్యకు మడిచి పెట్టారు. అటు చూడకూడదనే ఈ పక్క మంచం అడిగి తీసుకున్నాడు, అయినా కళ్ళు అటే పోతాయి. మూడేళ్ల కింద నాగరత్నమ్మ పడుకున్నది దాని మీదే. కామెర్లు ముదిరిపోయి, కడుపు ఉబ్బి, ముక్కులో గొట్టంతో. రెండు రోజులు సెలవు దొరికింది. మూడో రోజు పొద్దున ఓనరు గురునాథ్‌కు ఫోను చేస్తే అవతల మిషన్ల మోత. బెంగళూరుకు సరుకు పోవాల్సిన వారం అది. "మొన్నా ఇదే చెప్తివి, నిన్నా ఇదే చెప్తివి ఆంజినప్పా. నమ్మకం లేదని కాదు. ఒక ఫోటో పంపు, అంతే" అన్నాడు. అంతే. ఆంజినప్ప మంచం దగ్గర నిలబడి ఫోను ఎత్తి, "రత్నా, కండ్లు తెరువు" అన్నాడు. తెరిచింది. ముందు ఫోను చూసింది, తర్వాత అతన్ని చూసింది. పెళ్ళై ఇరవై నాలుగేళ్లు. అన్నేళ్లలో అతను ఆమెకు ఒక్క ఫోటో తీయలేదు. పెళ్లిలో తీసిన ఒక్కటీ వానకు గోడ కారి పాడైపోయింది. తనకొక ఫోటో లేదని ఆమె ఎప్పుడో ఒకసారి అంది, రెండోసారి అనలేదు. ఆ క్షణాన ఆమె ఏమనుకుందో ఆంజినప్పకు అర్థమైంది. అర్థమై కూడా ఫోటో ఓనరుకని చెప్పలేదు. సూది గుచ్చిన చెయ్యి మెల్లగా లేచింది. చెవి పక్క వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. గొట్టం పక్కనుంచి నవ్వింది. అతను నొక్కాడు.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'నవ్వుతా ఉంది కదప్పా. మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చేయి.' వెళ్ళాడు. ఎవరూ మెడ పట్టి లాక్కుపోలేదు. కాళ్ళతో నడిచి, బస్సెక్కి, వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆమె, "ఫోటో బాగొచ్చిందా" అని అడిగింది. వచ్చిందన్నాడు. మూడున్నర నుంచి బిందుశ్రీ ఆరుసార్లు ఫోను చేసింది. రాళ్లతో కలిసి ప్యాంట్లు తిరిగే మిషన్ల మధ్య జేబులో మోగిన ఫోను ఎవరికి వినపడుతుంది? ఏడోసారి చేయలేదు. పదో రోజుకు గోడకు పెట్టడానికి ఫోటో కావాల్సి వచ్చి ఫోను తీసుకుని వెతికింది కూడా బిందుశ్రీయే. తల్లి ఫోటో దొరికింది. దాని కింద ఓనరు జవాబు దొరికింది. దాని కింద తండ్రి పంపిన మాట దొరికింది. 'సరే.' ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. ఫోను తెచ్చి అతని ముందు నేల మీద పెట్టి పోయింది. నాయనా అనడం ఆ రోజే మానేసింది. స్టూడియోవాడు గొట్టం చెరిపేసి, మొగం వెనక నీలిరంగు వేసి, పెద్దది చేసి ఇచ్చాడు. ఇంటికి వచ్చినవాళ్లు చూసి ఎంత బాగా నవ్వుతాందో అంటారు. వేరే ఫోటో లేదు మరి. ఆ గోడకు దీపం అతనే పెడతాడు. బిందుశ్రీ అటు వీపు పెట్టుకుని అన్నం తింటుంది.

ఆ నెలలోనే గురునాథ్ పిలిచి మేస్త్రీ పని ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. హాజరు పుస్తకం, ఎర్రపెన్ను చేతికొచ్చిన మొదటి వారమే ఆంజినప్ప రూలు పెట్టాడు. నేనిచ్చినా. అందరూ ఇయ్యాల. చనిపోయే పెళ్ళాం మొగం ఇచ్చినవాడికి ఎవరో వచ్చి నోటిమాటగా జ్వరమంటే ఊరికే వదిలేయాలా? దారాలు కత్తిరించే కొట్రమ్మ ఒకసారి కూతురి చెయ్యి విరిగిందని ఆస్పత్రి చీటీ పంపింది. చీటీలు యాడైనా దొరుకుతాయి, మొగం కనపడాల అన్నాడు. పంపింది. చేతికి కట్టుతో పిల్ల, రెండో చేతిలో బిస్కెట్. 'బిస్కెట్ తింటాండాదే. రా' అని పెట్టాడు. నవ్వు బదులు బిస్కెట్, మాట గురునాథ్‌దే, మనుషులు మారారంతే. పెట్టేటప్పుడు ఆ సంగతి తెలుసు. తెలిసే పెట్టాడు. కొట్రమ్మ వచ్చింది. చిన్న కత్తెరతో దారాలు తుంచుతూ, తల ఎత్తకుండా, అందరూ వినేటట్టు అంది. "నీకూ ఒక దినం వస్తాది మేస్త్రీ. ఆ దినం నేనే బిస్కెట్ ప్యాకెట్ పట్టుకోనొస్తా." ఆడవాళ్లంతా నవ్వారు. అతను కూడా లోపల ఎక్కడో, రానీ అనుకున్నాడు. ఇంక రావడానికి ఏముంది అనుకున్నాడు. అదొక్కటే తప్పు. ఇంకా ఒకటి మిగిలి ఉంది, తెరకు అవతల, గింజలు లెక్కపెట్టుకుంటూ.

ఎనిమిదీ ఐదుకు ఫోను మోగితే ఉలిక్కిపడి ముందు ఆమె ముక్కు చూశాడు. ఏమీ లేదు. సిద్దేశ్. గురునాథ్ అక్క కొడుకు. మేస్త్రీ లేని రోజు పుస్తకం అతనిదే.

"మేస్త్రీ, యాడుండారు? బాయిలరు వేసేసినాం, మీరు రాలేదే."

"ఆస్పత్రిలో."

"అయ్యో, యారిగె?"

"మా బిందుకు. డెంగీ."

"అయ్యయ్యో" అన్నాడు సిద్దేశ్. నిజంగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మరి ఫోటో మేస్త్రీ? నాకేం లేదు, మామకూ ఏం లేదు. ఆడోళ్ళంతా ఈడ వాకిలి కాడ నిలబడి ఫోన్లు చూస్తాండారు. మీరు పెట్టకుంటే రేపట్నించి ఒక్కరు పెట్టరు. మామ ఒకటే అన్నాడు. రూలు మేస్త్రీదే, ఆ రూలు మేస్త్రీకే లేకుంటే మేస్త్రీ యాకప్పా బేకు, ఇంక మేస్త్రీ ఎందుకు, అని."

"అంటే?"

"అంటే నాకేం తెల్సు? ఎనిమిదిన్నరకు పుస్తకం మూస్తా. మీరే కదా నేర్పించింది. ఒక్క ఫోటో మేస్త్రీ, అంతే."

అంతే. ఈ మాటకు చావు లేదు. ఫోను దించగానే పక్క మంచం మీది ముసలామె అందుకుంది. హనుమాయమ్మ. కాలవల కింద పొలాలు చేసుకోవడానికి ఎన్నో ఏళ్ల కింద కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, ఇంకా ఆ యాసే. "ఏవయ్యా, పొద్దుటాల్నించీ ఆ ఫోనుకేసే చూస్తన్నావు. పిల్ల మొగానికేసి చూడమని డాక్టరమ్మ చెప్పలా? ఫోనుకా రోగం, పిల్లకా?" అంది. జవాబు కోసం ఆగకుండా నారింజ తొక్క తీసుకుంటూ గోడ వైపు తిరిగింది. మంచిదే. చూసేవాళ్లు లేరు. ఎనిమిదీ పద్దెనిమిది. సీసాలో చుక్క పడుతోంది, ఆగుతోంది, పడుతోంది. గ్రూపులో ఒక మాట వచ్చింది. కొట్రమ్మ. 'మేస్త్రీ ఫోటో యాడ?' దాని కింద నవ్వే బొమ్మలు పెట్టలేదు. ఒకటి తర్వాత ఒకటి, బొటనవేలు గుర్తులు పెరుగుతున్నాయి. ఇరవై. ఇరవై ఆరు. వాకిలి దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. తనైనా అలాగే చూసేవాడు.

తీయొచ్చు. ఆమె నిద్రలో ఉంది, తెలీదు. తీసి, పంపి, తుడిచేస్తే ఈ ఫోనులో కూడా ఉండదు. పని నిలుస్తుంది. పని పోతే యాభై నాలుగేళ్లవాడికి, నీలి గోళ్లవాడికి, ఇంకో యూనిట్‌లో ఎవరిస్తారు? వాడు పెట్టిన రూలు సంగతి ఊళ్ళో అన్ని యూనిట్లకూ తెలుసు. ఏ గేటు దగ్గరకు పోయినా అక్కడొక కొట్రమ్మ ఉంటుంది. తీయకపోతే ఎవరికి లాభం? ఈ పిల్లకా? తీసినా తీయకపోయినా ఈ పిల్ల లేచి చెప్పేది గ్యాసు అయిపోయిందనే. తల్లికి ఒక రూలు, కూతురికి ఒక రూలా? రత్న మొగం ఇచ్చి, ఈమె మొగం దాచిపెడితే రత్న ఏమనుకుంటుంది? ఆలోచన ఎటు తిరిగినా ముందుకు గోడే వస్తోంది. తలుపు పక్క పరుపు మడత అలాగే ఉంది. లేచి నిలబడ్డాడు. అప్పుడు నిలబడ్డట్టే, కాళ్లు అంతే ఎడంగా. ఫోను ఎత్తాడు. అద్దంలో ముందు సీసా పడింది, తర్వాత సూది, తర్వాత మొగం. ఫోను దానంతటదే ఆ మొగం వెతికి పట్టుకుని చుట్టూ పసుపు గీత గీసింది. గీత లోపల రత్న. నుదురు రత్నదే, పెదవులు రత్నవే, చెవి పక్క ఎగిరే వెంట్రుకలు రత్నవే. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి ఈ పోలిక చూడలేదు. చూడాలంటే ఆమె ఇటు తిరగాలి కదా. వేలు గుండ్రటి గుర్తు మీదికి పోయింది.

పసుపు గీత లోపల కళ్ళు తెరుచుకున్నాయి.

ఆమె ముందు ఫోను చూసింది. తర్వాత అతన్ని చూసింది. చెయ్యి లేవలేదు. వెంట్రుకలు సరిచేసుకోలేదు.

"తీసుకో నాయనా" అంది బిందుశ్రీ. "నేను నవ్వన్లే."

వార్డులో ఎక్కడో స్టీలు గిన్నె పడింది. ఎవరో నర్సును పిలుస్తున్నారు, నర్సు వస్తాండా ఉండమ్మా అంటోంది. నాయనా అంది. మూడేళ్లకు అంది. ఆ పిలుపు కోసం ఏ పొద్దూ చెవి ఒగ్గలేదనుకున్నాడు. ఇప్పుడు వచ్చి, సూది దిగినచోటే ఇంకో సూది దిగినట్టు దిగింది. ఆమెకు అన్నీ తెలుసు. తల్లి ఎందుకు నవ్విందో తెలుసు. ఆ నవ్వు ఎవరిని మధ్యాహ్నం షిఫ్టుకు పంపిందో తెలుసు. మంచం మీద పడి ఉండి, రక్తం ఎప్పుడు కారుతుందో తెలీని ఒళ్ళుతో, తండ్రికి సెలవు దొరకాలంటే తను ఎలా కనపడాలో ఆలోచించి పెట్టుకుంది. నవ్వకూడదు. బిస్కెట్ పట్టుకోకూడదు. రోగిలాగా ఉండాలి. వెక్కిరిస్తోందా? మొగం చూశాడు. వెక్కిరింత లేదు. అదే భరించలేకపోయాడు. తిట్టి ఉంటే నొక్కేవాడు.

ఫోను దించాడు. ఎనిమిదీ ఇరవై ఏడు. అక్షరాలు రాస్తూ కూర్చునే టైము లేదు. గొంతు పంపే గుర్తు నొక్కి పట్టుకున్నాడు. "నేను ఆంజినప్ప. ఈ దినం రాను. పిల్లకు బాగలేదు. ఫోటో లేదు. సిద్దేశ్, నా పేరు ముందర ఎర్రపెన్నుతో గీసెయ్." వేలు తీశాడు. పోయింది. ఎనిమిది సెకన్లు. దయచేసి అనలేదు, ప్రార్థన అనలేదు. క్షమించమని కూడా అనలేదు, కొట్రమ్మను గానీ ఇంకెవర్ని గానీ. అది అతనికి రాదు.

"చూపిచ్చు" అంది బిందుశ్రీ.

అర్థం కాలేదు. ఆమె సూది లేని చెయ్యి చాపింది. అరచెయ్యి తెరిచి, ఊరికే పెట్టుకుంది. అర్థమైంది. నోటిమాట చెల్లదు. ఎవరు నేర్పించారో ఆమెకూ తెలుసు. ఫోను ఇచ్చాడు. ఆమె దాన్ని మొగం మీదికి తెచ్చుకుని, బొటనవేలితో మెల్లగా జరిపింది. తన ఫోటో లేదు. ఉన్నవన్నీ ప్యాంట్లే. రంగు ఎంత దిగిందో చూపించడానికి తీసినవి, నీలం, ఇంకాస్త తెల్లబడిన నీలం, మోకాళ్ళ దగ్గర పాలిపోయిన నీలం, వందల ప్యాంట్లు. మూడేళ్ల ప్యాంట్లు. జరిపి, జరిపి, ఒకచోట ఆగింది. ఆమె చేతి వెనకనుంచి అతనికి తెర కనపడదు. కనపడనక్కర్లేదు. చెరపని గొట్టం, సూది గుచ్చిన చెయ్యి, వెనక్కి తోసుకున్న వెంట్రుకలు. చాలాసేపు చూసింది. క్షమించినట్టు అతనికేం కనపడలేదు. తనైనా క్షమించేవాడు కాదు. ఫోనును గుండె మీద బోర్లా పెట్టుకుని, పైన చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుంది.

ఎనిమిదిన్నర. ఫోను ఆమె చెయ్యి కింద వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. ఒకటే వణుకు, ఊపిరితో పాటు లేస్తూ, దిగుతూ. ఎవరు ఏమంటున్నారో, పుస్తకంలో ఏం గీశారో అందులో ఉంది. ఆమె చెయ్యి తీయలేదు. అతను అడగలేదు. ముక్కు చూశాడు. పెదవుల సందున చిగుళ్ళు చూశాడు. ఎర్రగా ఏమీ లేదు. ఇంకా లేదు. వెలుతురు చెంప మీదనుంచి దిండు మీదికి జరిగింది. సాయంత్రానికి చాలా టైముంది. ఆంజినప్ప స్టూలు ముందుకు లాక్కున్నాడు, మొగం కనపడేటట్టు.